వేల్స్ ఆఫీసును పార్లమెంటు ఎలా ప్రశ్నిస్తుందో గమనించడం, అందులో మీ మాట చేర్చడం ఎలా?

కార్డిఫ్, స్వాన్సీ, న్యూపోర్ట్‌లలో చదువుకుంటున్న విద్యార్థులూ, ఇక్కడి ఆసుపత్రుల్లో పనిచేస్తున్న తెలుగు వైద్యులూ నన్ను పదేపదే ఒకే ప్రశ్న అడుగుతుంటారు. వేల్స్‌కు సొంత శాసనసభ, సొంత ప్రభుత్వం ఉన్నప్పుడు లండన్‌లో వేల్స్ పేరుతో ఇంకో మంత్రి ఎందుకు, ఆ మంత్రి చేసే పనిని నిలదీసేదెవరు, ఆ నిలదీయడంలో మనకేమైనా చోటుందా అన్నదే ఆ ప్రశ్న. చోటుంది, అది చాలామంది అనుకునేంత చిన్నదీ కాదు. అయితే ఎవరిని ఏమి అడగాలో ముందుగా తేల్చుకోకపోతే, ఎంత శ్రద్ధగా రాసిన ఉత్తరమైనా "ఇది మా పరిధిలోనిది కాదు" అన్న ఒక్క వాక్యంతో తిరిగి వస్తుంది. అందుకే ఈ పద్ధతిని మెట్టుమెట్టుగా రాస్తున్నాను.

నేపథ్యం కొద్దిగానే చెబుతాను. 1997 సెప్టెంబర్ 18న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో వేల్స్ ప్రజలు 6,721 ఓట్ల స్వల్ప తేడాతో సొంత సభను కోరుకున్నారు. 1999లో ఆ సభ పని మొదలుపెట్టింది. అంతవరకూ వేల్స్ పాలనను చూసిన పెద్ద శాఖ స్థానంలో, రెండు ప్రభుత్వాల మధ్య వారధిగా, వేల్స్ ఆఫీసు అనే చిన్న శాఖ మిగిలింది. దాని లండన్ కార్యాలయం వైట్‌హాల్‌లోని గ్విడిర్ హౌస్. కార్డిఫ్‌లోని సభను 2020 నుంచి సెనెద్ అంటున్నారు. రాతలో చివర రెండు 'డీ'లు కనిపిస్తాయి గానీ పలకడం మాత్రం సెనెద్ అనే. వేల్స్ ఆఫీసును పరిశీలించే బాధ్యత హౌస్ ఆఫ్ కామన్స్‌లోని వేల్స్ వ్యవహారాల కమిటీది. 11 మంది ఎంపీలుండే ఈ కమిటీ 1979 నుంచీ ఉంది, అంటే నేటి రూపంలోని శాఖ కన్నా 20 ఏళ్లు పాతది. శాఖ ఖర్చు, పాలన, విధానం అనే మూడింటినీ అది పరిశీలిస్తుంది.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- మీ పోస్ట్‌కోడ్. మీ ఎంపీ ఎవరో దీనితోనే తెలుస్తుంది. 2024 ఎన్నికల నుంచి వేల్స్‌లో పార్లమెంటు నియోజకవర్గాలు 40 నుంచి 32కు తగ్గాయి కాబట్టి పాత జాబితాలను నమ్మకండి.
- వేల్స్ ఆఫీసు ప్రచురించే తాజా వార్షిక నివేదిక, లెక్కల పుస్తకం. ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది.
- పార్లమెంటు వెబ్‌సైటులో వేల్స్ వ్యవహారాల కమిటీ పేజీ, సభా కార్యకలాపాల అధికారిక నమోదైన హాన్సార్డ్.
- నాలుగు గడులు గీసిన ఒక నోటు పుస్తకం: అడిగింది, చెప్పింది, చెప్పనిది, తేదీ. కంప్యూటరులో పెట్టుకున్నా సరే, ఈ నాలుగు గడులూ తప్పనిసరి.

బ్రిటిష్ పౌరసత్వం అవసరం లేదు. కమిటీకి ఎవరైనా రాయవచ్చు. ఎంపీ తన నియోజకవర్గంలో నివసించే అందరికీ ప్రతినిధి. పైగా భారత పౌరులు కామన్వెల్త్ పౌరులు కాబట్టి, చట్టబద్ధంగా ఇక్కడ నివసిస్తున్న పెద్దలు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు కూడా నమోదు చేసుకోవచ్చు. ఈ సంగతి తెలియక సంవత్సరాల తరబడి ఓటు లేకుండా గడిపినవారిని చాలామందిని చూశాను. ఈ పని మొదలుపెట్టేలోపే ఓటు నమోదు పూర్తి చేసుకోండి.

1. విషయం ఎవరి చేతిలో ఉందో తేల్చుకోండి

ఆరోగ్యం, విద్య, గృహవసతి, స్థానిక సంస్థలు, వ్యవసాయం కార్డిఫ్ పరిధిలోనివి. రక్షణ, విదేశాంగం, వలస వ్యవహారాలు, పోలీసులు, జైళ్లు, న్యాయస్థానాలు లండన్ పరిధిలోనివి. స్కాట్లండ్‌లో పోలీసులూ జైళ్లూ అక్కడి ప్రభుత్వానివే కాబట్టి, అక్కడున్న బంధువులు చెప్పినదాన్ని ఇక్కడికి అన్వయించకండి. చట్టంలోనే చూసుకోవాలనుకుంటే 2006 వేల్స్ ప్రభుత్వ చట్టంలోని 7ఎ షెడ్యూలు తెరవండి. లండన్ తన వద్ద ఉంచుకున్న అంశాలన్నీ అందులో ఉంటాయి. అక్కడ లేనిది కార్డిఫ్‌దని మొదటి అంచనాగా తీసుకోవచ్చు.

రైళ్లు మాత్రం రెండు చోట్లా ఉన్నాయి. వేల్స్ లోపలి రైలు సర్వీసులు చాలావరకు కార్డిఫ్ చూస్తుంది. పట్టాలు, సిగ్నళ్లు ఎక్కువగా లండన్‌వి. కార్డిఫ్‌కు ఉత్తరాన లోయల్లోకి వెళ్లే మార్గాల పట్టాలు మాత్రం 2020లో కార్డిఫ్‌కు బదిలీ అయ్యాయి. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు బాధ్యత జారిపోయేది ఇలాంటి చోటే. పార్లమెంటు పరిశీలన అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడేది కూడా ఇలాంటి చోటే.

సాధారణంగా జరిగే పొరపాటు: మన అలవాటు ప్రకారం వేల్స్ మంత్రిని గవర్నరులాగానో, సెనెద్‌ను రాష్ట్ర శాసనసభలాగానో ఊహించుకోవడం. వేల్స్ మంత్రి లండన్ మంత్రివర్గ సభ్యులు, సాధారణంగా ఎన్నికైన ఎంపీ. సెనెద్ చేసిన చట్టాలకు ఆమోదం తెలపడం ఆ పదవి పని కాదు, కార్డిఫ్ ప్రభుత్వ రోజువారీ పాలనను ఆజ్ఞాపించే అధికారమూ దానికి లేదు. కాబట్టి "ఆసుపత్రిలో నా శస్త్రచికిత్స ఆలస్యమైంది, జోక్యం చేసుకోండి" అని వేల్స్ మంత్రికి రాస్తే ఫలితం ఉండదు. అది మీ సెనెద్ సభ్యులకు రాయవలసిన ఉత్తరం. వీసా ఆలస్యమైతే అది లండన్ విషయమే అయినా హోం శాఖది, వేల్స్ ఆఫీసుది కాదు. దానికి ఎంపీ కార్యాలయమే సరైన దారి.

2. లెక్కల పుస్తకంలో రెండు అంకెలను వేరు చేయండి

వేల్స్ ఆఫీసు పద్దు చూడగానే వెయ్యి కోట్ల పౌండ్లకు పైబడిన మొత్తం కనిపిస్తుంది. అది చూసి, ఇంత డబ్బు ఖర్చు చేసే శాఖ కళ్లముందు ఏ పనీ చేయడం లేదేమిటని ఆవేశపడేవారున్నారు. ఆ మొత్తంలో దాదాపు అంతా కార్డిఫ్ ప్రభుత్వానికి చేరవేసే గ్రాంటు, వేల్స్ ఆఫీసు దానికి కేవలం దారి. శాఖ తన సొంత నిర్వహణకు వాడుకునేది కోటి పౌండ్లు కూడా దాటదు. గ్రాంటు ఎంతన్నది, ఇంగ్లండ్‌లో ఖర్చు మారినప్పుడు వేల్స్ వాటాను లెక్కగట్టే బార్నెట్ సూత్రం ప్రకారం లండన్ ఖజానా శాఖ నిర్ణయిస్తుంది.

మీరు చేయవలసింది: గ్రాంటు వరుసను ఒక రంగుతో, శాఖ సొంత ఖర్చు వరుసను మరో రంగుతో గుర్తు పెట్టుకోండి. సొంత ఖర్చు గురించి అడగాలంటే కమిటీ. గ్రాంటును ఎలా ఖర్చు చేశారో అడగాలంటే సెనెద్, దానికి నివేదించే వేల్స్ ఆడిటర్ జనరల్. శాఖ లెక్కలను తనిఖీ చేసేది లండన్‌లోని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, అంటే మన కాగ్ లాంటి పదవి. తనిఖీ అధికారులు ఇద్దరు, వారిని కలిపేయకండి.

తెలుగులో రాసుకునేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు. 80 మిలియన్లను 80 కోట్లుగా రాసిన పోస్టులు మన సమూహాల్లో తిరగడం చూశాను. అది నిజానికి 8 కోట్లు. ఈ ఒక్క తప్పుతో మీ వాదన మొత్తం కొట్టుకుపోతుంది.

3. కమిటీ ఇప్పుడు దేనిపై విచారణ జరుపుతోందో చూడండి

కమిటీ పేజీలో నడుస్తున్న విచారణలు, ముగిసినవి వేర్వేరుగా ఉంటాయి. ఒక్కో విచారణకు పరిశీలనాంశాలు, సాక్ష్యాలు పంపడానికి గడువు ఇస్తారు. పరిశీలనాంశాలను రెండుసార్లు చదవండి. మీరు చెప్పదలచుకున్నది వాటిలో ఏ ప్రశ్నకు జవాబో ఆ ప్రశ్న సంఖ్య రాసుకోండి. ఏదీ సరిపోకపోతే బలవంతంగా ఇరికించకుండా 6వ మెట్టుకు వెళ్లండి.

కమిటీ వేల్స్ ఆఫీసును మాత్రమే పిలుస్తుందనుకోవద్దు. వేల్స్‌పై ప్రభావం చూపే ఇతర శాఖలను, సంస్థలను కూడా పిలుస్తుంది. పోర్ట్ టాల్బట్ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసులు మూసేస్తామని ప్రకటించినప్పుడు, 2024 ఆరంభంలో టాటా స్టీల్ ఉన్నతాధికారులను ఈ కమిటీ పిలిచి ప్రశ్నించింది. విశాఖ ఉక్కు గురించి ఏళ్ల తరబడి వింటున్న మనవాళ్లకు ఆ చర్చ బాగా అర్థమవుతుంది. ఏ విచారణ చూడాలో తోచకపోతే అక్కడి నుంచి మొదలుపెట్టమని చెబుతాను.

4. ఒక్క సమావేశాన్నైనా పూర్తిగా చూడండి

మన దేశంలో పార్లమెంటు స్థాయీ సంఘాల సమావేశాలు మూసిన తలుపుల వెనుక జరుగుతాయి కాబట్టి, ఇక్కడ మంత్రిని ప్రశ్నించడం మొదటి నుంచి చివరి దాకా ప్రత్యక్షంగా చూడవచ్చంటే చాలామందికి నమ్మకం కుదరదు. పార్లమెంటు సొంత ప్రసార వెబ్‌సైటులో ప్రత్యక్షంగానూ తర్వాతా చూడవచ్చు. కొన్ని రోజుల్లో రాతప్రతి కూడా వస్తుంది, అందులో ప్రతి ప్రశ్నకూ ఒక సంఖ్య ఉంటుంది. తర్వాత మీరు ఎక్కడ ప్రస్తావించినా ఆ సంఖ్యతోనే ప్రస్తావించండి.

చూసేటప్పుడు మొదటి ప్రశ్న కన్నా రెండో ప్రశ్నను గమనించండి. మంత్రి నీళ్లు నమిలిన చోట ఎంపీ అదే విషయాన్ని ఇంకో విధంగా అడిగారా, వదిలేశారా? వదిలేసిన చోటే మీ నోటు పుస్తకంలో మూడో గడి నిండుతుంది.

సభలో వేల్స్ మంత్రి మౌఖిక సమాధానాలిచ్చేది కొన్ని వారాలకొకసారి, బుధవారం 11.30 నుంచి 12 గంటల వరకు, ప్రధానమంత్రి ప్రశ్నోత్తరాలకు ముందు. ఇంటి దగ్గర పెద్దవాళ్లు చూడాలనుకుంటే అది భారత కాలమానంలో చలికాలం సాయంత్రం 5, ఎండాకాలం సాయంత్రం 4 గంటలు. అరగంటలో లోతైన పరిశీలన జరగదు. అక్కడ ఏ అంశం లేచిందో చూసుకుని, లోతు కోసం కమిటీ దగ్గరకు రండి.

5. లిఖిత సాక్ష్యం రాసి పంపండి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే కాబట్టి వివరంగా చెబుతాను. సాక్ష్యం ఇంగ్లిష్‌లో గానీ వెల్ష్‌లో గానీ ఉండాలి. సాధారణంగా 3,000 పదాలు మించకూడదు, కమిటీ వేరే పరిమితి పెడితే దాన్నే పాటించండి. పేరాలకు సంఖ్యలు వేయండి. మొదట మీరెవరో, ఎందుకు రాస్తున్నారో రెండు వాక్యాల్లో చెప్పండి. తర్వాత సారాంశం, ఆ తర్వాత అసలు విషయం, చివర కమిటీ ప్రభుత్వానికి ఏ సిఫారసు చేయాలని కోరుతున్నారో రాయండి. కమిటీ పేజీలోని ఫారం ద్వారా వర్డ్ ఫైలుగా పంపండి, బొమ్మలు, లోగోలు పెట్టకండి.

ఒక పేరాను రెండు విధాలుగా చూపిస్తాను. చాలామంది మొదట రాసేది ఇలా ఉంటుంది: "స్వాన్సీకి రైళ్లు ఘోరంగా ఉన్నాయి, ప్రభుత్వం మమ్మల్ని పట్టించుకోవడం లేదు, వెంటనే చర్య తీసుకోవాలి." ఇందులో అబద్ధమేమీ లేదు, కానీ కమిటీ గుమాస్తా దీన్ని నివేదికలో ఏ పేరా కిందా చేర్చలేరు.

అదే విషయాన్ని ఇలా రాసి చూడండి: "నేను స్వాన్సీ నుంచి కార్డిఫ్‌కు వారానికి నాలుగు రోజులు ప్రయాణిస్తాను. కార్డిఫ్‌కు పశ్చిమాన ఈ మార్గాన్ని విద్యుదీకరించే ప్రణాళికను 2017లో రద్దు చేశారు. రద్దు తర్వాత ఈ మార్గంలో ప్రయాణ సమయం తగ్గించడానికి ఏ పనులు చేపట్టారో, అందుకు ఎంత ఖర్చయిందో రవాణా శాఖ ఏటా ప్రకటించేలా కమిటీ సిఫారసు చేయాలి. ఆ విషయంలో వేల్స్ ఆఫీసు ఎప్పుడెప్పుడు, ఏ విధంగా వాదించిందో మంత్రిని అడగాలి." ఇందులో మీ అనుభవం ఉంది, తేదీ ఉంది, బాధ్యుల పేరు ఉంది, చేయదగిన సిఫారసు ఉంది.

కొన్ని హెచ్చరికలు. కమిటీ వ్యక్తిగత ఫిర్యాదులను పరిష్కరించదు, మీ అనుభవాన్ని విధానంలోని లోపానికి ఉదాహరణగా మాత్రమే వాడండి. కోర్టులో నడుస్తున్న కేసు ప్రస్తావన తేవద్దు. పంపిన సాక్ష్యాన్ని కమిటీ ప్రచురించేదాకా మరెక్కడా ప్రచురించకండి, వాట్సాప్ సమూహంలో కూడా. కమిటీ ప్రచురించిన సాక్ష్యంలో సాధారణంగా మీ పేరుంటుంది. పేరు బయటపడితే ఉద్యోగానికో కుటుంబానికో ఇబ్బంది అనుకుంటే, పేరు లేకుండా ప్రచురించమని పంపేటప్పుడే కోరండి. తర్వాత కోరితే ఆలస్యమైపోవచ్చు. కమిటీ స్వీకరించి ప్రచురించిన సాక్ష్యానికి పార్లమెంటరీ రక్షణ ఉంటుంది, అందులోని మాటలకు మీ మీద పరువునష్టం దావా వేయలేరు. అంతటి రక్షణ ఉన్నప్పుడు రుజువు చేయలేని మాట అందులో రాయకపోవడం మన బాధ్యత.

6. విచారణ లేకపోతే ఎంపీ ద్వారా ప్రశ్న వేయించండి

ఎంపీకి రాసేటప్పుడు మొదటి వరుసలోనే పూర్తి చిరునామా, పోస్ట్‌కోడ్ ఇవ్వండి, అవి లేకపోతే సాధారణంగా పట్టించుకోరు. ఆ తర్వాత మీకు కావలసిన ప్రశ్నను మీరే ఒక్క వాక్యంలో రాసివ్వండి. మామూలు లిఖితపూర్వక ప్రశ్నకు సాధారణంగా వారంలో సమాధానం రావాలి. తేదీ పేర్కొని అడిగే ప్రశ్నకు కొన్ని సభా దినాల కనీస గడువు ఇవ్వాలి.

ప్రశ్న ఎలా ఉండాలో పోర్ట్ టాల్బట్ ఉదాహరణతో చెబుతాను. ఉక్కు కార్మికులకు, ఆ ప్రాంతానికి చేయూతనివ్వడానికి 2023లో ఒక బోర్డు ఏర్పాటైంది. దానికి ప్రభుత్వం 8 కోట్లు, టాటా స్టీల్ 2 కోట్ల పౌండ్లు ప్రకటించాయి. ఆ బోర్డుకు అధ్యక్షత వహించేది వేల్స్ మంత్రి, కాబట్టి "మాకు సంబంధం లేదు" అనే వీలు ఇక్కడ లేదు. "కార్మికులకు ఏం చేశారు?" అని అడిగితే ఒక పేరా ప్రసంగం వస్తుంది. "ప్రభుత్వ వాటా అయిన 8 కోట్ల పౌండ్లలో ఫలానా తేదీ నాటికి ఎంత కేటాయించారు, ఎంత విడుదల చేశారు, ఎంత ఖర్చయింది?" అని అడిగితే మూడు అంకెలు రావాలి, లేదా అవి ఎందుకు లేవో చెప్పాలి. ప్రకటన, కేటాయింపు, విడుదల, ఖర్చు అనే నాలుగూ ఒకటి కాదని మన బడ్జెట్లు చూసి పెరిగినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ అనుభవాన్ని ఇక్కడ వాడండి. చివరి బ్లాస్ట్ ఫర్నేసు 2024 సెప్టెంబర్ 30న ఆగిపోయింది కాబట్టి, దానికి ముందూ తర్వాతా తేదీలతో రెండు ప్రశ్నలు వేయిస్తే తేడా బయటపడుతుంది.

ఎంపీ ఒప్పుకోకపోతే సమాచార స్వేచ్ఛ చట్టం కింద నేరుగా వేల్స్ ఆఫీసుకే దరఖాస్తు చేయవచ్చు. 20 పనిదినాల్లో జవాబివ్వాలి. అయితే ఆ చట్టం ఇప్పటికే నమోదై ఉన్న సమాచారాన్నే ఇప్పిస్తుంది, అభిప్రాయాన్ని కాదు.

7. వచ్చిన సమాధానాన్ని తూచండి

ఈ మెట్టు మీద అందరూ చేరే చోటు ఒకటే: సమాధానం వచ్చింది గానీ అది జవాబో కాదో తెలియడం లేదు. తరచూ కనిపించే రూపాలు ఇవి.

"మంత్రివర్గ సహచరులతో ఈ అంశాలపై క్రమం తప్పకుండా చర్చిస్తుంటాను" అంటే జవాబు రాలేదని అర్థం. తదుపరి ప్రశ్నలో ఏ తేదీన, ఏ శాఖ మంత్రితో సమావేశమయ్యారని అడిగించండి. ప్రభుత్వం మంత్రుల బయటి సమావేశాల వివరాలను నియమిత కాలవ్యవధిలో ప్రచురిస్తుంది గానీ, మంత్రులు తమలో తాము జరిపే సమావేశాలు వాటిలో ఉండవు, కాబట్టి అడిగించే తెలుసుకోవాలి.

"ఇది వేల్స్ ప్రభుత్వానికి సంబంధించినది" అంటే 1వ మెట్టుకు తిరిగి వెళ్లి షెడ్యూలు చూడండి. అది నిజమైతే తప్పు మనది. నిజం కాకపోతే షెడ్యూలులోని భాగాన్ని ప్రస్తావించి మళ్లీ అడిగించండి.

"ఈ సమాచారం సేకరించడానికి ఖర్చు ఎక్కువవుతుంది" అంటే ప్రశ్న పరిధిని తగ్గించండి. అయిదేళ్లకు బదులు ఒక ఏడాది, వేల్స్ అంతటికీ బదులు ఒక జిల్లా. ఇది ఓటమి కాదు, సగం పని అయినట్టే.

అంకె వచ్చినప్పుడు కూడా ఆగకండి. 2025 జూన్‌లో వేల్స్ రైల్వేలకు 44.5 కోట్ల పౌండ్లు ప్రకటించారు. అది పదేళ్లకు కలిపి చెప్పిన అంకె, సగటున ఏడాదికి నాలుగున్నర కోట్లకు లోపే. ఎన్నేళ్లకు, ఎవరి బడ్జెట్ నుంచి, ఇందులో కొత్త డబ్బెంత అనే మూడు ప్రశ్నలూ ప్రతి అంకె పక్కనా రాసుకోండి.

8. నివేదిక వచ్చాక రెండు నెలలు లెక్కపెట్టండి

కమిటీ నివేదిక చివర సిఫారసులన్నీ ఒకచోట ఉంటాయి. ప్రభుత్వం రెండు నెలల్లో సమాధానం ఇవ్వాలన్నది సంప్రదాయం. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని, ఒక్కో సిఫారసు ఎదుట అంగీకారం, పాక్షిక అంగీకారం, తిరస్కారం, దాటవేత అని రాసుకోండి. "సూత్రప్రాయంగా అంగీకరిస్తున్నాం" అన్నదాన్ని తేదీ లేకపోతే దాటవేతలోనే వేయండి.

2021 జూలైలో వచ్చిన వేల్స్ రైల్వే మౌలిక వసతుల నివేదిక దీనికి మంచి అభ్యాసం. హెచ్ఎస్2 అనే హైస్పీడ్ మార్గం ఒక్క మైలు కూడా వేల్స్‌లో లేదు. అయినా దాన్ని ఇంగ్లండ్, వేల్స్ ఉమ్మడి పథకంగా లెక్కించడంతో, స్కాట్లండ్‌కూ ఉత్తర ఐర్లండ్‌కూ వచ్చిన అదనపు వాటా వేల్స్‌కు రాలేదు. దాన్ని ఇంగ్లండ్ పథకంగా మార్చాలని కమిటీ సిఫారసు చేసింది. అప్పటి కమిటీ అధ్యక్షుడు స్టీఫెన్ క్రాబ్ అధికార పార్టీ ఎంపీయే, పైగా ఒకప్పటి వేల్స్ మంత్రి. అయినా ప్రభుత్వం సిఫారసును తిరస్కరించింది. రెండు పత్రాలూ ఇప్పటికీ కమిటీ పేజీలో ఉన్నాయి. సిఫారసు అడిగింది వర్గీకరణ గురించి, కాబట్టి తర్వాత ఎంత నిధి ప్రకటించినా ఆ వరుస ఎదుట "అంగీకారం" అని రాయకూడదు. నిధి ప్రకటన వేరే వరుస.

కమిటీ సిఫారసు ప్రభుత్వాన్ని కట్టిపడేయదని తెలిసి కొందరు నిరుత్సాహపడతారు. నేను ఆ వరుసను తెరిచే ఉంచుతాను. వేల్స్ మంత్రి తన బాధ్యతలపై మళ్లీ కమిటీ ముందుకు వచ్చే ముందు, తెరిచి ఉన్న వరుసలను ఒక పేజీగా రాసి కమిటీ సిబ్బందికీ, మీ ఎంపీకీ పంపండి. పాత ప్రశ్న సంఖ్య, పాత సమాధానం తేదీ తప్పకుండా ఇవ్వండి.

చివరి జాగ్రత్త ఎన్నికల గురించి. పార్లమెంటు రద్దయితే కమిటీ కూడా పోతుంది, నడుస్తున్న విచారణలు అక్కడితో ఆగిపోతాయి. 2024 మే 30న అదే జరిగింది. కొత్త కమిటీ పాత విచారణను తిరిగి చేపట్టాలన్న నియమం లేదు, మీ పాత సాక్ష్యం దాని ముందుకు దానంతటది రాదు. అందుకే పంపిన ప్రతి పత్రం నకలు, నాలుగు గడుల పుస్తకం దగ్గర పెట్టుకోండి. కొత్త అధ్యక్షులు ఎన్నికై, కొత్త విచారణ పరిశీలనాంశాలు వెలువడిన రోజున అంకెలు సరిచూసుకుని మళ్లీ పంపండి.